సూర్యుడి పేరు మీద చెల్లిన కుదుపు

నేను ఒక ఇత్తడి పళ్ళచక్రాన్ని. అరచేతిలో ఇమిడిపోతాను. కాకినాడలో సత్తార్ మేస్త్రి నాకు అరవై పళ్ళు కోశాడు. మొదట తీర్థాల్లో బొమ్మలాడించే యంత్రంలో తిరిగాను. ఆ యంత్రం యజమాని చితికిపోయాక కొండ మీది సూర్య పరిశోధనశాల వాళ్ళు నన్ను తీసుకున్నారు. బేరంలో లాభం నాదే. బొమ్మల్ని ఆడించినదాన్ని, సూర్యుడి వెంట అద్దాన్ని తిప్పే పనికి ఎక్కాను. నాలుగు నిమిషాలకో చుట్టు. తొందర లేదు, ఆలస్యం లేదు. నాణ్యమైన సరుకంటే అదీ!

అక్కడి శాస్త్రవేత్త సువర్చల గారు. సూర్యుడి పైపొర కంటే, దాని పైనున్న పలచటి వాతావరణం ఎన్నో రెట్లు వేడి. పొయ్యి కంటే పైనున్న గాలి ఎక్కువ కాలినట్టు. ఆ వేడిని మోసుకెళ్ళే అలల కోసం ఆమె ఆరేళ్ళు కాపు కాశారు. కార్తీకంలో దొరికింది. ఒక సూర్యమచ్చ అంచున వెలుగు నాలుగు నిమిషాలకోసారి పొంగి తగ్గుతోంది! వ్యాసం రాశారు. సైన్సు పత్రిక వాళ్ళు ఒప్పుకున్నారు.

అచ్చుకు పోయే వారంలో ఆమె పాత కొలతలు పక్కన పెట్టి చూశారు. దసరాకు ముందు అల లేదు. తర్వాత రోజూ ఉంది.

మెకానిక్‌ను పిలిచారు. "పైడయ్యా, పండక్కి యంత్రాన్ని ఏం చేశావు?"

"ఆయుధపూజేనమ్మా. చక్రం చక్రానికీ పసుపు రాసి బొట్టెట్టాను. మీ సైన్సోళ్ళలా పైపైన చూసి వదిలే రకాన్నా నేను?"

మూత విప్పారు. నా రెండు పళ్ళ సందున కుంకుమ గ్రీజులో కలిసి రాయిలా గట్టిపడింది. ఆమె నన్ను వేలితో తిప్పారు. ఒకచోట టక్కుమన్నాను. చుట్టు తిరిగొచ్చాక, మళ్ళీ అక్కడే టక్కు. ఆ టక్కుకల్లా అద్దం అదిరి, మచ్చ అంచున వెలుగు పొంగినట్టు కనబడిందన్నమాట.

నేను నిర్ఘాంతపోయాను. కోట్ల మైళ్ళ అవతల సూర్యుడు పొంగుతున్నాడని లోకం నమ్మబోతున్న ఆ అల నేనా!

పైడయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "నా చేతులు పడిపోనూ! కడిగేస్తానమ్మా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిందిగా," అన్నారామె.

కిరోసిన్ తెప్పించి తనే కడిగారు. మర్నాడు ఎండలో కొలిచారు. అల లేదు. అక్కడే కూర్చుని పత్రికకు ఉత్తరం రాశారు: "ఆ అల సూర్యుడిది కాదు, మా చక్రానిది. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను."

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను. పక్కన నా కథ రాసిపెట్టిన చీటీ చదివి చూడవచ్చినవాళ్ళు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆరేళ్ళ పంటను ఒక్క ఉత్తరంతో వదులుకున్న మనిషి కడిగిన కిరోసిన్ వాసన ఇంకా నా పళ్ళలోనే ఉంది.