ఇచ్చేసిన ఇంటిపేరు

తన పేరు పెట్టుకుని ఇంకొకడు పదేళ్ళుగా తిరుగుతున్నా రాయమల్లుకు చీమ కుట్టినట్టయినా లేదు. జర్మనీ దొర గోదావరిఖనికి వచ్చాకే కడుపులో మంట మొదలైంది.

సంగతి మొదటి నుంచీ చెప్పాలి. గోదావరిఖనిలో బొగ్గు బావులు కొత్తగా తెరిచిన రోజుల్లో, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చి పేర్లు రాయించుకున్నారు. మానేటి ఒడ్డు పల్లె నుంచి వచ్చిన చెలిమెగడ్డ రాయమల్లు కూడా రాయించుకున్నాడు. బావిలోకి దిగిన వారంలోపే పైకప్పు పెళ్ళ ఊడి పక్కవాడి కాలు మీద పడింది. ఆ షిఫ్టు కాగానే రాయమల్లు మూట కట్టాడు. పని దొరక్క గేటు దగ్గర పడిగాపులు పడుతున్న పోశం అనేవాణ్ణి పిలిచి, "నా పేరు మీద నువ్వే దిగుపో" అని చెప్పి ఊరికి పారిపోయాడు. బావుల్లో అప్పుడది మామూలు ముచ్చటే. హాజరు పిలిచినప్పుడు ఆ పేరుకు పలికే గొంతు ఒకటి ఉంటే చాలు.

రెండేళ్ళకు ఊళ్ళో కరువొచ్చి రాయమల్లు మళ్ళీ బావి గేటు దగ్గరికే వచ్చాడు. తన పేరులో అప్పటికే మనిషున్నాడు. బొంబాయి మిల్లుకు పోయిన ఆకుల కొమురెల్లి పేరు ఖాళీగా ఉంటే అందులో దూరాడు. అట్లా బావిలో పోశం రాయమల్లయ్యాడు, రాయమల్లు కొమురెల్లి అయ్యాడు. మనం మాత్రం వాళ్ళను కన్నవాళ్ళు పెట్టిన పేర్లతోనే పిలుచుకుందాం, లేకపోతే మనకూ తల తిరుగుతుంది.

పేరుదేముంది, జీతం తన చేతికి వస్తుంటే చాలు అనుకున్నాడు రాయమల్లు. పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు కొడుకులు పుట్టారు. వాళ్ళను కంపెనీ బడిలో వేసేటప్పుడు, తండ్రి పేరు కొమురెల్లి కాబట్టి వాళ్ళకూ ఆకుల వారని రాయించాడు. అప్పుడూ ఏమీ అనిపించలేదు.

డెబ్బై రెండు వేసవిలో దొర వచ్చాడు. బావిలోంచి బొగ్గు టబ్బులను తాడుతో లాగే కొత్త ఇంజను బిగించడానికి కంపెనీ పిలిపించింది ఆయన్ని. తాటిచెట్టంత మనిషి. మన ఎండకు రెండో రోజుకే ముక్కు మీద తోలు ఊడింది. పేరు బ్రున్‌లైట్. ఆ పేరు నోరు తిరగక కూలీలంతా జర్మనీ దొర అనేవాళ్ళు. ఆయన ఇంగ్లీషును తెలుగు చెయ్యడానికి కోస్తా నుంచి వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు ఎప్పుడూ వెంట ఉండేవాడు.

ఈ దొరకు ఒక పిచ్చి. ఎవరు కనబడ్డా ఇంటిపేరేమిటి, దానికి అర్థమేమిటి, ఆ పేరు వాళ్ళు ఏ ఊళ్ళలో ఉంటారు అని అడుగుతాడు. ఒకనాడు పొద్దున హాజరు పిలుస్తుంటే పక్కన నిలబడి ఒక్కొక్కరినీ అడిగాడు. రాయమల్లు వంతు వస్తే, ఆకుల అంటే ఆకులేనని ఇంజనీరు చెప్పాడు. ఎక్కడుంటారు? ఎక్కడ పడితే అక్కడే ఉంటారు. దొర తల ఊపి ముందుకు పోయాడు.

తర్వాత పోశం వంతు. చెలిమెగడ్డ అనే మాట ఇంజనీరూ ఎప్పుడూ వినలేదు. ఏమిటయ్యా అది అని పోశాన్ని అడిగాడు.

"ఏట్ల ఇసుక తోడితె నీళ్ళూరుతయ్ గద సార్, గది చెలిమె. గడ్డ అంటె ఒడ్డు" అన్నాడు పోశం. ఆ మాట ఆ జిల్లాలో పిల్లగాడైనా చెబుతాడు.

అది ఇంగ్లీషులో చెవిన పడగానే దొర గంతు వేసినంత పని చేశాడు. ఆయన పేరుకూ అదే అర్థమట, నీటి ఊట ఉన్న కొండవాలు అని. సంచీలోంచి వాళ్ళ దేశం పటం తీసి అక్కడే బండ మీద పరిచాడు. ఒక ఏటి వెంట నాలుగైదు ఎర్రని గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. మిగతా దేశమంతా బోసిగా ఉంది. ఆ పేరు వాళ్ళు లోకం మొత్తం మీద ఆ ఏటి వెంటే ఉన్నారనీ, యుద్ధంలో కొందరు పోగా మిగిలినవి ఆ కాసిని ఇళ్ళేననీ, సెలవు దొరికినప్పుడల్లా దొర ఊరూరా తిరిగి వెతుకుతాడనీ ఇంజనీరు చెప్పాడు. దొర పోశం భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు.

"నువ్వు ఆయనకు తమ్ముడివట" అన్నాడు ఇంజనీరు నవ్వుతూ.

రెండు అడుగుల దూరంలో అసలు చెలిమెగడ్డ వాడు ఆకుల వాడుగా నిలబడి ఉన్నాడు.

మర్నాటి నుంచి పోశం బావిలోకి దిగడం మానేశాడు. దొర పట్టుబట్టి వాణ్ణి పైన ఇంజను దగ్గర వేయించుకున్నాడు. ఉతికిన చొక్కా, చేతిలో నూనె డబ్బా, మధ్యాహ్నం దొరతో కలిసి చాయ్. కింద చీకట్లో రాయమల్లు చెమటలు కక్కుతూ తట్టతో బొగ్గు మోసి టబ్బు నింపుతాడు, పైన పోశం ఇంజను తిప్పితే ఆ టబ్బు కదిలి పోతుంది. తాడు కదిలిన ప్రతిసారీ రాయమల్లుకు ఒళ్ళు మండేది. ఆ పేరు తన దగ్గరే ఉండి ఉంటే పైన ఇంజను దగ్గర ఉండేవాడు తనే కదా! దొర చెయ్యి పడేది తన భుజం మీదే కదా!

ఇంట్లో అన్నం సహించడం లేదు. కంచం తోసేస్తుంటే పెళ్ళాం కనకవ్వ ఊరుకోలేదు.

"నువ్వే ఇచ్చినవ్ గద. గిప్పుడు ఏడిస్తె ఏమొస్తది?"

"ఇచ్చిన్నా? పారేసిన! పారేసిన అంగిని వాడు ఇస్త్రీ చేసుకొని తొడుక్కున్నడు."

"అయితె పొయి చెప్పు దొరకు. నేనే అసలోన్ని అని చెప్పు. ఇద్దరి నౌకరీలు పోతయ్, ఇద్దరు కలిసి మానేట్ల చెలిమెలు తోడుకోండ్రి."

కనకవ్వ మాట నిజమే. నోరు విప్పితే మారుపేరు మీద పనిచేస్తున్న ఇద్దరినీ మెడ పట్టి గెంటేస్తారు. క్వార్టరు పోతుంది, పిల్లల బడి పోతుంది. అది తెలిసీ రాయమల్లుకు ఆ మాట రోజూ నాలుక చివరిదాకా వచ్చేది. నీళ్ళతో పాటు మింగేవాడు.

ఇంజను నడిపి చూసే పనీ పూర్తయింది. దొర తిరిగి పోయేలోపు తమ్ముడి ఊరు చూడాలన్నాడు. చెలిమెగడ్డ అనే పేరు పుట్టిన చోటు చూడాలట, పెద్దవాళ్ళను అడిగి దాని కథ వినాలట. ఆదివారానికి కంపెనీ జీపు సిద్ధమైంది. పోశం రాయమల్లు క్వార్టరుకు పరుగున వచ్చి గడపలో కూలబడ్డాడు.

"అన్నా, నీ కాళ్ళు మొక్కుత. ఆ ఊరు ఎటుమొకాన ఉంటదో గూడ నాకు తెల్వది. ఒక్క పూట మీ అవ్వను నన్నే కొడుకని చెప్పుమను. లేకుంటె ఇద్దరం మునుగుతం."

వాడి వణుకు చూస్తుంటే రాయమల్లుకు చల్లగా అనిపించింది. కాసేపు ఆ చల్లదనాన్ని అనుభవించాడు కూడా. తర్వాత, మునిగేది తనూ అని గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే తమ ఊరికి పోతున్న ఎల్లన్న అనే మనిషితో తల్లి సారవ్వకు కబురు పంపాడు, ఆదివారం వచ్చేవాళ్ళలో రాయమల్లు అని ఎవరిని పిలిస్తే వాడే కొడుకు అనుకోమని. పక్కింటి వాళ్ళకూ చెప్పి పెట్టమన్నాడు.

దారి చూపడానికి ఎవడో ఒకడు కావాలి కాబట్టి, ఆ ఊళ్ళో మా మేనత్త ఉందని అబద్ధం చెప్పి రాయమల్లు కూడా జీపు వెనక ఎక్కాడు. ముందు దొర పక్కన పోశం. మంథని రోడ్డు దిగి బాట చీలగానే పోశం వెనక్కి తిరిగి చూశాడు.

"అదేమిటయ్యా, మీ ఊరికి నీకు దారి తెలియదా?" అన్నాడు ఇంజనీరు.

"జీపుల ఎన్నడు పోలే సార్. మేము నడిచే తొవ్వ వేరు" అన్నాడు పోశం. వీడికి నా పేరే కాదు, తెలివి కూడా దొరికింది అనుకున్నాడు రాయమల్లు, ఏడుపు ముఖంతో. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ అని వెనక నుంచి తనే చెబుతూ తన ఇంటికి పరాయివాణ్ణి తీసుకుపోయాడు.

సారవ్వ గుడిసె ముందు కల్లాపి చల్లి, కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంది. జీపు ఆగింది. "రాయమల్లూ, మీ అమ్మేనా?" అని ఇంజనీరు పోశాన్ని అడగడం విన్నది. నేరుగా పోశం దగ్గరికి నడిచి వాడి చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"బక్కగయినవ్ కొడుకా" అంది.

అది తను నేర్పి పంపిన నాటకమే. అయినా ఆ చేతులు వాడి చెంపల మీద ఉన్నంతసేపూ రాయమల్లు కళ్ళు తిప్పుకోలేకపోయాడు. తన వైపు ఒక్కసారైనా చూస్తుందేమోనని చూశాడు. చూడలేదు. ముసలిది అంత బాగా ఆడుతుందని అతడు అనుకోలేదు.

దొర మంచం మీద కూర్చుని కథ చెప్పమన్నాడు. సారవ్వ పోశం పక్కన కూర్చుని, వాడి మోకాలి మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది.

"మా అత్తోరింటి ముత్తవ్వ కాలంల గొప్ప కరువొచ్చింది. బాయిలన్ని ఎండినయ్. మా ముత్తవ్వ మానేటి గడ్డ కింద చెలిమె తోడితె నీళ్ళు పడ్డయ్. పడంగనే ఏం జేసింది? కట్టె పట్టుకొని ఆన్నే కూసున్నది. ఒక్కొక్కలకు ఒక్క కుండ, రెండో కుండకు వస్తె కాళ్ళు ఇరగ్గొట్టింది. ఆమె మొగోనికి గూడ రెండోది ఇయ్యలే. ఊరోల్లు కోపంతోని చెలిమెగడ్డోల్లు, చెలిమెగడ్డోల్లు అని తిట్టిన్రు. ఆ తిట్టే పేరైంది."

దొర కడుపు పట్టుకుని నవ్వాడు. రాయమల్లు ఆ కథ వినడం అదే మొదటిసారి. ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఆ కథను వాడి మోకాలి మీద చెయ్యి వేసి వాడికి చెబుతోంది. కట్టె పట్టుకుని కూర్చున్న ఆ ముత్తవ్వ మీద ఒక్కసారిగా అతడికి ఎంతో అభిమానం పుట్టింది.

ఆ పేరు వాళ్ళు ఇప్పుడు ఎన్ని ఇళ్ళు ఉన్నారని దొర అడిగించాడు.

"ఏడున్నరు సార్. ఆడివిల్లలు అత్తగారిండ్లకు పొయి ఆల్ల పేర్లయిన్రు. మొగోల్లను గత్తర రోగం మింగింది. నేను, నా కొడుకు, గంతే." సారవ్వ కాస్త ఆగి పోశం ముఖంలోకి చూసింది. "పిలగాండ్లను బడిల ఏసినవా కొడుకా?"

"ఏసిన అవ్వా. ముగ్గురు మొగపిల్లలే. ముగ్గురికి చెలిమెగడ్డ అనే రాయించిన."

"ముగ్గురా?" అంది సారవ్వ. ఆ ముడతల ముఖమంతా విచ్చుకుంది. "నీ కడుపు సల్లగుండ. మా ఇంటిపేరు నిలవెడుతున్నవ్ బిడ్డా."

ఆ నవ్వు రాయమల్లు నేర్పి పంపింది కాదు. అది నిజం నవ్వు. తన ఇద్దరు మనవలు ఆకుల వారై బడికి పోతున్నారని ఆమెకు తెలుసు. వాళ్ళను ఎత్తుకున్నప్పుడు ఆమె ఏనాడూ ఇట్లా నవ్వలేదు.

దొరకు ఒక్కతే కూతురట. తనతో తన ఇంట్లో ఆ పేరు అయిపోతుందనీ, నీ పేరు బతుకుతుంది కాబట్టి సంతోషమనీ పోశానికి చెప్పించాడు. సారవ్వనూ పోశాన్నీ గుడిసె ముందు నిలబెట్టి ఫోటో తీయబోతూ, నీడ పడుతోంది, కాస్త పక్కకు జరుగు అని రాయమల్లుకు సైగ చేశాడు. రాయమల్లు జరిగాడు. దొడ్డి దాకా జరిగాడు.

తర్వాత అందరినీ బంతి కూర్చోబెట్టారు. సారవ్వ కోడిని కోసింది. గంటెతో వడ్డిస్తూ, కూర అడుగు నుంచి వెతికి కార్జం ముక్క తీసి పోశం విస్తరిలో వేసింది. చిన్నప్పటి నుంచీ ఆ ముక్క రాయమల్లుది. మొన్న పండక్కి వచ్చినప్పుడు కూడా అతడిదే.

రాయమల్లు విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. నౌకరీ పోతే పోనీ, క్వార్టరు పోతే పోనీ అనిపించింది.

"సార్" అన్నాడు ఇంజనీరుతో. గొంతు పెద్దగా వచ్చింది. "ఒక మాట చెప్పాలె. ఈ ఇంటిపేరు..."

పోశం చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇంజనీరు తలెత్తాడు. దొర కూడా చూశాడు.

సారవ్వ చటుక్కున ఇటు తిరిగింది. పొద్దుటి నుంచి ఆమె కొడుకు ముఖంలోకి చూడడం అదే మొదలు.

"నువ్వెవలింటోనివి బిడ్డా?" అంది.

రాయమల్లు తల్లి వంక చూశాడు. ఆ కళ్ళు చెప్పకురా అని బతిమాలుతున్నాయి. కనకవ్వా, పిల్లలూ, క్వార్టరూ అన్నీ ఆ కళ్ళలోనే ఉన్నాయి. చెప్పకపోతే ఆ ముక్క, ఆ పేరు, ఆ తల్లి అన్నీ పోశానివే.

"ఆకులోల్ల పిలగాన్ని అవ్వా" అన్నాడు. "ఆకుల కొమురెల్లిని."

"మంచిది. నిలవడ్డవేంది, కూసో" అంది సారవ్వ. పక్కింటి ముసలామె వైపు తిరిగి, "సమ్మవ్వా, ఆకులోల్ల పిలగానికి ఇంత కూర ఎయ్యి" అని, తను మళ్ళీ పోశం దగ్గరికి పోయింది.

రాయమల్లు కూర్చున్నాడు. అతడు పుట్టిననాడు మొదటి నీళ్ళు పోసిన సమ్మవ్వ, పరాయివాడికి వడ్డించినట్టు తల వంచుకుని, విస్తరిలో కూర వేసి పోయింది.