అత్తగారికి కొత్త కమాన్లు

ఆ జీపుకి ‘అత్తగారు’ అని పేరు పెట్టింది కళ్ళద్దాలాయనే. బజారు మూల మీద కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. ఆదివారం వస్తే ఊరి బయటి రాళ్ళగుట్టల్లో, ఎండిన వాగుల్లో, దారీ తెన్నూ లేని చోట జీపు తోలడం ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి. తాళం తిప్పింది మొదలు ఇల్లు చేరేదాకా ఆ బండి సణుగుతూనే ఉంటుంది, అయినా అందరి బరువూ మోస్తుంది. అందుకని ఆ పేరు. ఆయన బావమరిది మెకానిక్. పేరు వినగానే, “మా అమ్మని అంటున్నావా బావా?” అని స్పానరు పట్టుకుని మీదికొచ్చాడు. అసలు అత్తగారు మాత్రం నవ్వేసింది. “పోనీలేరా, ఆ అత్తగారినైనా అల్లుడుగారు వారం వారం పలకరిస్తున్నారు” అంది.

అది మామూలు పలకరింపు కాదు మరి. రాయి అడ్డొస్తే చాలు, ఆయన నోట మర్యాద పొంగిపొర్లేది. “రండి అత్తగారూ, కుడికాలు ముందు పెట్టండి. ఆఁ, అలాగే. భయం లేదు. ఇంకెంత, అయిపోయింది, నేనున్నాగా.” గుట్ట ఎక్కేదాకా ఇదే వరస. ఆయనలాంటి పిచ్చితోనే గుట్టలకొచ్చే వెనక జీపుల వాళ్ళు ఆ మాటలు విని పడీ పడీ నవ్వేవారు.

నిజానికి ఆ మాటలు ఆయన సొంతం కాదు. ఆయన భార్య నర్సు. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీ చేసిన మనిషి. ఒకసారి ఇంటి తాళాలివ్వడానికి ఆయన వార్డుకి వెళితే, ఆవిడ ఒక ముసలాయనకి కట్టు విప్పుతోంది. ఆ ముసలాయన చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. “ఇంకెంత పెద్దాయనా, అయిపోయింది, నేనున్నాగా” అంది ఆవిడ. అంతే, ఏడుపు ఆగిపోయింది. ఆ మాట కళ్ళద్దాలాయనకి ఎంత నచ్చిందంటే, ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చేసుకున్నాడు. ఎవరి మీద వాడాలో తెలియక జీపు మీద వాడాడు.

తర్వాత ఆవిడకి పగటి డ్యూటీలు వచ్చాయి. నిద్ర మాత్రం తిరిగి రాలేదు. మాత్రలు మింగింది, వేడినీళ్ళు పోసుకుంది, గోరువెచ్చని పాలు తాగింది. కంటి మీదకి కునుకు రాదే! కళ్ళద్దాలాయన తన చేతనైందంతా చేశాడు. గోడ గడియారంలో సెల్లు తీసేశాడు. తలుపు బందులకి నూనె పోశాడు. ఫ్యాను కిర్రుమంటే విప్పి బేరింగు మార్చాడు. దగ్గొస్తే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయి దగ్గేవాడు. పక్క ఎక్కాక ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. చీమ చిటుక్కుమనని ఆ ఇంట్లో ఆవిడ పైకప్పుకేసి చూస్తూ పడుకునేది.

అలాంటిది, ఒక ఆదివారం ఊరికే తోడొచ్చిన ఆవిడ, వాగులో బండరాళ్ళ మీద జీపు కిందా మీదా అవుతుంటే హాయిగా నిద్రపోయింది! తల కిటికీకి కొట్టుకుంటోంది, నోరు కాస్త తెరుచుకుంది, ఒళ్ళో చేతులు వదులుగా పడి ఉన్నాయి. మూర్ఛేమో అని ఆయన గుండె గుభేలుమంది. సన్నటి గురక వినబడ్డాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. అద్దం మీది దుమ్ములోంచి ఎండ పసుపుపచ్చగా లోపలికి దిగుతోంది. బయట గడ్డి నెమ్మదిగా ఊగుతోంది. ఆ మధ్యాహ్నం ఎక్కడికీ వెళ్ళాల్సిన పనిలేనట్టు అక్కడే నిలబడిపోయింది.

లేచాక ఆవిడ కల చెప్పింది. వార్డులో మంచాలన్నీ నీళ్ళ మీద తేలుతున్నాయట. ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా. ఒక్కో మంచం మీదా ఒక్కో మనిషి నిద్రపోతున్నాడట. చిట్టచివరి మంచం ఖాళీ. “నేనే ఎక్కి పడుకున్నానండీ. నన్నెవరూ లేపలేదు” అంది ఆశ్చర్యంగా.

అది మొదలు ఆదివారం ఆవిడ నిద్ర రోజైంది. వాగులో పోగేసుకున్న ఆ కాస్త నిద్రతోనే వారమంతా నెట్టుకొచ్చేది. ఈమధ్య అదీ చాలడం లేదు. మొన్న వార్డులో ఒకరి మందు ఇంకొకరి నోట్లో వేయబోయి ఆఖరి క్షణంలో ఆగిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే కూలబడింది.

“ఇలాగే ఉంటే ఉద్యోగం మానేస్తానండీ. ఒకరి ప్రాణం తీసేదాకా నేనుండను” అంది.

ఆ పని పోతే ఆవిడ సగం మనిషైపోతుందని ఆయనకి తెలుసు. పక్కన కూర్చుని ఆవిడ చెప్పులు విప్పాడు. ఆ ఆదివారమే, వాగు దాటుతుంటే అత్తగారి వెనక కమాన్ కట్ట విరిగింది. కమాన్ కట్టంటే చక్రాల మీద బండి బరువంతా మోసే ఉక్కుపట్టీల దొంతర. అది విరిగితే బండికి నడుం పడిపోయినట్టే.

బావమరిది షెడ్డులో జీపుని స్టాండ్ల మీదికి ఎక్కించారు. చక్రాలు ఊడదీశాక అది నేలని మరిచిపోయి గాల్లో తేలుతున్నట్టుంది. రేకుల కప్పు చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దాని ఒంటి మీద పడుతోంది. కింద పడుకుని తుప్పు పట్టిన బోల్టుకి నూనె కొడుతున్న కళ్ళద్దాలాయనకి ఒక ఆలోచన తట్టింది. ఇంత డొక్కు బండిలోనే అంత నిద్ర పట్టిందే, పరుపులాంటి బండైతే ఇంకెంత పట్టాలి!

“పాత కట్టకి వెల్డింగు వద్దురా. నాలుగు చక్రాలకీ కొత్త కమాన్లు వేసెయ్” అన్నాడు. “షాకర్లూ కొత్తవే. బుష్‌లూ మార్చు. తలుపులకి రబ్బర్లు. మీ అక్కయ్య సీటుకి మెత్తటి స్పాంజి.”

“ఇంకో మాటన్నావంటే ఇంజనుకి కూడా దుప్పటి కప్పుతాను” అన్నాడు బావమరిది.

వారమంతా ఇద్దరూ పని చేశారు. కళ్ళద్దాలాయన కళ్ళజోళ్ళ ముక్కుపీట స్క్రూలు తిప్పే చేత్తోనే యూ బోల్టులు బిగించబోయాడు. “బావా, అది కళ్ళజోడు కాదు, అంత ముద్దుగా తిప్పితే వాగులో ఊడి చేతికొస్తుంది” అని బావమరిది స్పానరు లాక్కున్నాడు. అడుగున శబ్దం పీల్చే షీటు అతికించారు. ఊగే ప్రతి రేకునీ బిగించారు. బయటికి తీసి నడిపిస్తే అత్తగారి నోరు పడిపోయింది. కళ్ళద్దాలాయన గాల్లో తేలిపోయాడు.

ఆదివారం ఆవిడ మెత్తటి సీట్లో ఒరిగి కళ్ళు మూసుకుంది. జీపు రాయి ఎప్పుడెక్కిందో, ఎప్పుడు దిగిందో కూడా తెలియడం లేదు. ఆయన పెదవి విప్పకుండా, ఊపిరి బిగబట్టి తోలాడు. వాగు అయిపోయింది, గుట్ట అయిపోయింది. తిరిగి చూస్తే ఆవిడ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, ఎర్రగా.

“చాలా మెత్తగా ఉందండీ” అంది, ఆయన నొచ్చుకుంటాడని.

ఆ మాటకి ఆయన ప్రాణం చివుక్కుమంది. నిద్ర ఆ చప్పుళ్ళలోనే ఉంది, తానే చేజేతులా దాన్ని చంపేశాడు. సరే, ఏ చప్పుడో కనిపెట్టాలి. కనిపెట్టడం ఆయనకి వచ్చిన విద్యే కదా! మర్నాడు డ్యూటీ దిగిన ఆవిడని తిన్నగా షెడ్డుకి తీసుకొచ్చి, జీపులో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. దుకాణంలో కళ్ళకి అద్దాలు మార్చి మార్చి అడిగినట్టే అడగడం మొదలుపెట్టాడు. వెనక తలుపు బోల్టు వదులు చేసి ఊపాడు. తర్వాత పనిముట్ల పెట్టె కదిపాడు.

“ఇది బాగుందా, అది బాగుందా?”

“రెండూ ఒకలాగే ఉన్నాయండీ.”

“మళ్ళీ విను. ఇదా... అదా?”

“మొదటిదేమో. ఏమో.”

బావమరిది నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. “లోకంలో ఎక్కడైనా చప్పుడు చెయ్యమని బండి షెడ్డుకి తెస్తారా బావా? అక్కా, నువ్వైనా చెప్పు.” అక్క కళ్ళు మూసుకుని, పరీక్షలో తప్పుతున్న పిల్లలా కూర్చుంది. చివరికి తలుపు రబ్బర్లు పీకేశారు, అడుగున షీటు ఊడదీశారు, పాత సీటు మళ్ళీ ఎక్కించారు. కమాన్లూ షాకర్లూ బుష్‌లూ తప్ప అన్నీ యథాస్థానానికి వచ్చాయి. అత్తగారు మునుపటిలా సణగసాగింది.

తర్వాతి ఆదివారం బయల్దేరుతుంటే ఆవిడ నెమ్మదిగా అంది, “రేపు పెద్ద సిస్టరుకి చెప్పేస్తానండీ. ఇంక నా వల్ల కాదు.”

ఆయన తలూపాడు. దారి పొడుగునా చెవులు రిక్కించి తోలాడు. తలుపు కొట్టుకుంటోంది, పెట్టె ఎగురుతోంది, అన్ని చప్పుళ్ళూ ఉన్నాయి. ఆవిడ మాత్రం మేలుకునే ఉంది. మాటిమాటికీ ఆవిడ కళ్ళకేసి చూడటంలో ముందున్న గుంట చూసుకోలేదు. ఎడమ ముందు చక్రం దిగబడి, జీపు ఒక పక్కకి ఒరిగిపోయింది.

ఆయన అన్నీ మరిచిపోయాడు. నిద్రా, చప్పుళ్ళూ, రేపటి సంగతీ. “అయ్యో అత్తగారూ! కంగారు పడకండి. మెల్లగా వెనక్కి. ఆఁ... ఇప్పుడు ముందుకి. మీకేం కాదు. ఇంకెంత, అయిపోయింది, నేనున్నాగా.” చక్రం తిరిగింది, మట్టి చిమ్మింది, జారింది. ఆయన విసుక్కోలేదు. మళ్ళీ బతిమాలాడు, మళ్ళీ ధైర్యం చెప్పాడు. చాలాసేపటికి అత్తగారు ఒక్క కుదుపుతో గట్టెక్కింది.

“చూశావా!” అంటూ పక్కకి తిరిగాడు.

ఆవిడ నిద్రపోతోంది.

ఆయన నోరు మూసుకున్నాడు, మెలకువ వస్తుందేమోనని. ఆవిడ కనురెప్పలు కదిలాయి. నుదురు ముడిపడింది. చేతి వేళ్ళు ఏదో వెతుక్కున్నాయి. ఆయనకి ఏదో తోచి, గొంతు తగ్గించి, “భయం లేదు, నేనున్నాగా” అన్నాడు. నుదుటి ముడి విడిపోయింది. తల మళ్ళీ కిటికీకి వాలింది.

అప్పుడు తెలిసింది ఆ పెద్దమనిషికి. కొత్త కమాన్లు పడిన రోజు నుంచి ఈ గుంటలో దిగబడేదాకా తాను బండితో ఒక్క మాటా మాట్లాడలేదు. మొదటి ఆదివారం అత్తగారికి మాటసాయం అవసరం పడలేదు, ఈ ఆదివారమేమో చప్పుళ్ళు వింటూ కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి ఊరందరికీ ధైర్యం చెప్పి నిద్రపుచ్చిన మనిషికి ఆ మాట తిరిగి చెప్పినవాడు లేడు. నేను మేలుకుని ఉన్నాను, నువ్వు పడుకో అన్నవాడు లేడు. పైగా తాను చేసిందేమిటి? గడియారం నోరు నొక్కాడు, ఫ్యాను నోరు నొక్కాడు, పక్కనే పడుకుని తన నోరూ నొక్కుకున్నాడు. ఆయన కళ్ళజోడు మసకబారింది. తీసి తుడుచుకునే వీలు లేదు, చేతులు స్టీరింగు మీదున్నాయి.

వాగు దాటి తారు రోడ్డెక్కారు. నున్నటి రోడ్డు. ఎండ వాలింది. అత్తగారికి ఏ కష్టమూ లేదు. అయినా ఆయన చెబుతూనే ఉన్నాడు. “అదిగో మలుపు. అయిపోయింది. ఇంకెంత.” దారిలో వాళ్ళు తనలో తాను మాట్లాడుకుంటున్న ఈయన్ని చూసి నవ్వుకుంటే నవ్వుకున్నారు.

ఇంటి ముందు ఇంజను ఆపేశాడు. అత్తగారు చివరిసారి గొణిగి ఊరుకుంది. వీధంతా నిశ్శబ్దం. ఆవిడ రెప్పలు అదిరాయి. “ఇల్లొచ్చిందా? ఇంక లేవాలా?” అంది మత్తుగా.

“లేవక్కర్లేదు. పడుకో, నేనున్నాగా” అన్నాడు ఆయన, ఈసారి జీపుతో కాదు.