రేకుకు కట్టిన రబ్బరు

పొద్దుటి షిఫ్టు చేసి వచ్చిన మొగుడి బట్టల్ని సారక్క బండ మీద వేసి మూడోసారి బాదుతోంది. నీళ్లు ఇంకా నల్లగానే పోతున్నాయి. ఎల్లేశం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, సైకిలెక్కుతూ ఒక మాట అనిపోయాడు.

"సాబు పిలిచిండు. డాక్టర్ బోర్డు నిలుస్తలేదట."

సారక్క చేతిలో అంగీ అట్లాగే ఉండిపోయింది. బొగ్గు బాయిల ఊళ్లో బోర్డంటే ఒకటే బోర్డు. డాక్టర్లు వరసగా కూర్చుని, ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, వీడిక పనికిరాడని రాసేది. రాస్తే డ్యూటీ పోతుంది, దాని వెంట క్వార్టరూ పోతుంది. రెండు నెలలుగా దగ్గుతున్నాడు. నిలవడం లేదంటే ఊపిరే కాబోలు. మరి దవాఖాన వాళ్లు పిలవాలి గాని ఇంజనీరు సాబు పిలవడమేమిటని ఒక పక్క అనిపిస్తూనే ఉంది. కానీ భయానికి లెక్కలు రావు.

అత్త లింగవ్వకు చెబితే ఆమె ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. వేళకు వేడి వేడిగా వండిపెట్టే పెళ్లాముంటే మగవాడికి దగ్గెందుకొస్తుందని అడిగింది. సారక్క రోజూ నాలుగింటికే లేచి సద్ది కడుతుంది. అయినా నిజంగా తన వంటలోనే ఏదైనా లోపముందేమోనని సాయంత్రం దాకా ఆలోచించింది.

ఎల్లేశం తిరిగొచ్చి సంగతి విని పడీ పడీ నవ్వాడు. డాక్టరూ లేదు, పాడూ లేదు, అదేదో డాగరో డాటరో, ఇంగ్లీషు మాట, పడవ నడుమ నీళ్లలోకి దింపే పలక అన్నాడు. సగం రోజు ఏడ్చిన లింగవ్వ కూడా నవ్వింది, తప్పంతా కోడలి చెవులదే అయినట్టు. అందరూ నవ్వుతున్నారు కదా అని సారక్కా నవ్వింది. మాట తప్పు పలికిందెవరో మాత్రం ఎవరూ అడగలేదు.

పడవ సంగతి ఆమెకు కొత్తది కాదు. దాసు సాబు సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. ఈ బొగ్గు దేశానికి ఇంజనీరుగా వచ్చి, గోదావరిని చూసి, చిన్న తెరచాప పడవ ఒకటి కావాలని మనసు పడ్డాడు. బాయిలో పైకప్పు కూలకుండా కర్రదిమ్మెలు నిలబెట్టే ఎల్లేశానికి కొయ్యపని బాగా వచ్చని ఎవరో చెప్పారు. నాలుగు నెలలుగా షిఫ్టు దిగాక బంగళాకు పోయి ఊరికే పడవ చేస్తున్నాడు. ఊరికే అంటే ఊరికే కాదు. పడవ సరిగ్గా నడిస్తే అతన్ని బాయిలోంచి తీసి పైన కార్ఖానాలో వడ్రంగి పనికి పెడతానని సాబు మాటిచ్చాడు.

ఆ మాట మీదే సారక్క బతుకుతోంది. వేళగాని వేళ సైరన్ కూస్తే ఆమెకంటే ముందు ఆమె కాళ్లు వీధిలోకి ఉరుకుతాయి. కిందటేడు పక్క వరుస మల్లక్క అట్లాగే ఉరికింది. ఆమె మొగుడు మళ్లీ నడిచి ఇంటికి రాలేదు.

మూడో రోజు ఎల్లేశం ఆ పలకను ఇంటికే పట్టుకొచ్చాడు. కొస చీలిపోయి ఉంది. గాలికి పడవ పక్కకు జారిపోకుండా దీన్ని నడుమ సందులోంచి నీళ్లలోకి దింపాలట. లోతైన చోట పూర్తిగా, ఇసుక మేటలున్న చోట సగం. ఆ సగంలో నిలబడనంటోంది. కొయ్య కదా, వదిలితే పైకి తేలుతుంది. ఎల్లేశానికి తెలిసిన విద్య ఒకటే, చీల కొట్టి కదలకుండా చేయడం. కొట్టాడు. పడవ పోయి ఇసుకకు తగిలితే పలక పైకి లేవలేక పగిలింది, సాబు నీళ్లలో పడ్డాడు.

"కొట్టి నిలిపితె ఎట్ల? తగిల్నప్పుడు లేవాలె గద," అంది సారక్క. "పట్టుకోవాలె, ఇడ్వాలె గూడ."

"సాగదియ్యకు. పడవల సంగతి నీకేమెరుక?"

సాగదియ్యకు అన్నది ఆ ఇంట్లో పాత మాట. నల్లా కాడ ఎవరో మాటంటే చెప్పబోయినప్పుడు సాగదియ్యకు. నడుము నొప్పి అంటే సాగదియ్యకు. పెళ్లయిన ఆరేళ్లలో సారక్క ఏ సంగతైనా రెండు ముక్కల్లో చెప్పడం నేర్చుకుంది, మిగతాది మింగడం కూడా.

ఇక్కడ స్నానాల తడక గురించి చెప్పాలి. క్వార్టరు వెనక సందులో నాలుగు గుంజలు పాతి చుట్టూ తడక కట్టారు. తలుపంటూ లేదు, పక్కకు జరిపే ఒక రేకు ఉంది. గాలికి అది పడిపోయేది. షిఫ్టుకు పోయే మగవాళ్లంతా ఆ సందులోంచే పోతారు. సారక్క ఏడాది పాటు ఒక చేత్తో రేకు పట్టుకుని, ఒక చేత్తో నీళ్లు పోసుకుంది. ఒంటిచేత్తో వీపెట్లా రుద్దుకుంటావని ఎవరూ అడగలేదు. మొగుడికి మూడుసార్లు చెప్పింది. చూద్దాం తియ్ అన్నాడు. పరాయి వాళ్లకు పడవ చేసిపెట్టే చేతులకు ఇంట్లో రేకు మాత్రం బరువైంది. చివరికి ఆమే పాత సైకిల్ ట్యూబు నిలువునా కోసి, రెండు కొసలా ముడులేసి, ఈ గుంజ నుంచి ఆ గుంజకు రేకు మీదుగా సాగదీసి కట్టింది. అప్పటినుంచి రేకు జరిపితే జరుగుతుంది, ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది.

మర్నాడు పొద్దున్నే మొగుణ్ణి తడక దగ్గరికి తీసుకుపోయి, దీన్ని జరుపు అంది. జరిపాడు. ఆగింది. సగానికి జరిపాడు. అక్కడా ఆగింది. ఎనిమిది నెలలుగా రోజూ అక్కడే స్నానం చేస్తున్న మనిషి, ఇదెప్పుడు కట్టినవ్ అని అడిగాడు.

ఆమె చెప్పేలోపే రబ్బరు ముడులతో సహా విప్పి, చేతికి చుట్టుకుని సైకిలెక్కాడు. రేపు ఇంకోటి తెస్తానన్నాడు.

ఆ రబ్బరు పలకకు అడ్డంగా కట్టాక పడవ నడిచింది. నెల తిరిగేసరికి కాగితం వచ్చింది, ఎల్లేశానికి కార్ఖానాలో పని. ఇంటి నిండా జనం. ఈ ఉపాయం ఎట్లా తట్టిందని ఎవరో అడిగారు. "బాయిల దిమ్మె కింద కూసున్న యాళ్ల తట్టింది," అన్నాడు ఎల్లేశం. చాయ గ్లాసులు పట్టుకొచ్చిన సారక్క గడపలో ఆగి అతని ముఖంలోకి చూసింది. అబద్ధం చెబుతున్నట్టే లేదు. తనే కనిపెట్టానని అతను మనసారా నమ్ముతున్నాడు. ఆమెకు ఎటూ తోచకుండా చేసింది అదే.

ఆ తర్వాత సైరన్ కూసినా ఆమె కాళ్లు కదలలేదు. కోరుకున్నది దొరికింది, మొగుడు పైకొచ్చాడు, దగ్గు తగ్గింది. మరి లోపల గుచ్చుతున్నదేమిటి? నా పేరు చెప్పి ఉంటే ఆ పేరుతో నేనేం చేసుకునేదాన్ని, కూరలో వేసుకుంటానా? మొగుడి మీద పెళ్లానికి ఈర్ష్య ఉంటుందా, ఉంటే దాన్ని ఈర్ష్యే అంటారా? ఎవరితోనైనా చెప్పుకుందామంటే కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. పోనీ ఇదంతా ఆ రబ్బరు కోసమే అయ్యుంటుంది, అది తెచ్చిస్తే తీరిపోతుంది అనుకుని రెండుసార్లు అడిగింది. సాగదియ్యకు అన్నాడు. నిజానికి ఇంట్లో మేకుకు ఇంకో పాత ట్యూబు వేలాడుతూనే ఉంది. కోసుకుని కట్టుకోవడం ఆమెకు క్షణం పని. ఎందుకు కట్టుకోలేదో ఆమెకే తెలియలేదు. రోజూ మళ్లీ ఒక చేత్తో రేకు పట్టుకుని స్నానం చేస్తూ, అతను ఏనాటికైనా చూస్తాడా అని ఎదురుచూసింది. చూస్తే ఏమవుతుందో, అదీ తెలియదు.

ఎండలు ముదిరాక పడవలో రబ్బరు పగుళ్లు బారి తెగింది. ఆదివారం సాబు చుట్టాలు పడవెక్కడానికి వచ్చారు. ఎల్లేశం పొద్దుటి నుంచీ కొత్త ట్యూబు కోసి కట్టి చూశాడు. బిగిస్తే పలక కదలదు, వదులు చేస్తే తేలుతుంది. మొదటిసారి నిమిషంలో కట్టినవాడివి ఇప్పుడేమైందని సాబు అడిగాడట. మధ్యాహ్నం ఇంటికొచ్చి, బట్టలుతుకుతున్న సారక్క పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇన్నేళ్లలో అతను ఆ బండ పక్కన కూర్చోవడం అదే మొదలు.

"ఆ పట్టీ ఎంత ఎడల్పు కోసినవ్? ముడి యాడేసినవ్? జర చెప్పు. సాబుకు అనుమానమొస్తె మల్ల కిందికి పంపుతడేమో."

చూశాడు చివరికి. అయితే తడకను కాదు, ఆమె చేతుల్ని. సారక్క గుండెల్లో ముందు పాత సైరన్ భయమే లేచింది. రెండు ముక్కల్లో చెప్పేయడానికి నోరు కూడా తెరిచింది. కానీ కొలత ఆమె నోట్లో లేదు. ఎంత గుంజాలో, ఎక్కడ ఆపాలో వేళ్లకే తెలుసు. ఇన్నాళ్లూ లోపల గుచ్చుతున్నది ఇదే అయ్యుండవచ్చు, కాకపోవచ్చు.

చేతులు కడుక్కుంది. మేకు మీది ట్యూబు తీసి రెండు పట్టీలు కోసింది. ఒకటి ముందు తన రేకుకు కట్టింది. జరిపింది, ఆగింది. రెండోది చుట్టి కొంగున ముడేసుకుని, చెప్పులు తొడుక్కుంది.

"నడువు. నేనొస్త."

ఎల్లేశం లేచి నిలబడ్డాడు. "నువ్వెందుకు? ఆడ సాబుంటడు, ఆయన సుట్టాలుంటరు. ఈమెందుకొచ్చిందని అడిగితె నేనేం చెప్పాలె? అట్ల గాదు గని, నువ్వు ఈన్నే ముడులేసియ్యి, నేను తీస్కపోయి..."

సారక్క సైకిలు వెనక ఎక్కి కూర్చుంది.

"కట్టినామె వచ్చిందని చెప్పు," అంది. "సాగదియ్యకు."