కమాన్లు వేసిన ట్రాలీ

చివరి అతుకు మీది పెచ్చును చిన్న సుత్తితో రాలగొట్టి, దేవిదాస్ కుడి అరచేతిని దాని మీద ఆనించి చూశాడు. ఇంకా వేడిగానే ఉంది. ఇరవై ఏళ్లుగా వెల్డింగ్ చేసి చేసి ఆ చేతికి వేడి తొందరగా తెలియదు. తెలిసిందంటే నిజంగానే కాలుతున్నదన్నమాట. అయినా చేయి తీయలేదు. నాలుగు రోజులుగా ఏదైనా గట్టిగా తగిలితే తప్ప అతనికి తనున్నట్టే తోచడం లేదు.

నాలుగు రోజుల కింద నిజామాబాద్ దవాఖానలో డాక్టరు అతని భార్య పోచవ్వ కడుపులోని గడ్డ సంగతి చెప్పి, ఇంటికి తీసుకుపోయి ఏదడిగితే అది పెట్టమన్నాడు. దేవిదాస్ తల ఊపాడు. ఆమెను బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి ఆర్మూరు తీసుకొచ్చాడు. దిగాక ఏం తినాలని ఉందని అడిగాడు. ఆమె తిండి అడగలేదు.

"నీళ్లు దిగినయంట. మన ఇంటికాడ మూడు దినాలు పండుకోవాలె నేను. తీస్కపో" అన్నది.

మన ఇల్లంటే ఇప్పుడు లేని ఇల్లు. పోచంపాడు డ్యాం వెనక నీళ్లలో ఊరితో పాటు మునిగిపోయింది. ఎండాకాలం చివర నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఓ నెల పాటు పునాదులు బయటపడతాయి. పాత ఊరివాళ్లు కొందరు ఏటా పోయి చూసుకుని వస్తారు. ఊరు విడిచిన పద్దెనిమిదేళ్లలో పోచవ్వ ఒక్కసారి కూడా పోలేదు, పోదామనీ అనలేదు. రోజంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆ ఊరి పేరు ఎవరైనా ఎత్తితే లేచి లోపలికి పోయేది. అందుకే డాక్టరు మాట కన్నా ఆమె మాటే అతన్ని ఎక్కువగా నిలవేసింది.

మే నెల ఆఖరి వారం. ఒక్క పెద్ద వాన పడితే తోవ పోతుంది. ఆమెకు ఇంకెన్ని రోజులున్నాయో తెలియదు. నడవలేదు, బస్సు ఆ నేల మీదికి పోదు, ఎడ్లబండి కుదుపుకు ఆమె ప్రాణం నిలవదు.

అతను పనిచేసే లక్ష్మీనర్సయ్య ట్రాలీల షెడ్డు వెనక తుప్పు పట్టిన పాత ట్రాలీ ఒకటి ఉంది. దాన్ని అడిగితే ఆయన సరేనన్నాడు. పసుపు బస్తాలు మోసే ట్రాలీకి కుదుపును మింగే కమాన్లుండవు. ఇరుసును నేరుగా చట్రానికే అతికేస్తారు. బస్తాకు నొప్పేముంటుంది? దేవిదాస్ ఆ అతుకులు కోసి, తుక్కు జీపు కమాన్ కట్టలు రెండు తెచ్చి ఇరుసుకూ చట్రానికీ నడుమ బిగించాడు. దాంతో ట్రాలీ అడుగు జానెడు పైకి లేచి, బండల మీద పోయినా తగలకుండా అయింది. పాత గొట్టాలు వంచి మీద టార్పాలిన్ కప్పాడు. ఎండ దిగకుండా దాని లోపల పాత చీరలు కుట్టించాడు. ఒక మూలన నల్లా వేసిన నీళ్ల డ్రమ్ము, ఇంకో మూలన పొయ్యి కోసం ఇనుప అర. మధ్యన నవారు మంచం. కాళ్లు లేని మంచం అది; నాలుగు మూలలా సైకిల్ ట్యూబులతో గొట్టాలకు వేలాడదీశాడు.

పడుకున్న మనిషిని కొలవకూడదంటారు. అందుకని ఇంట్లో ఆమె పడుకునే మంచాన్ని కొలిచి, నాలుగు వేళ్లు ఎక్కువ పెట్టాడు. ఇన్నేళ్లలో ఎన్ని బస్తాలు పడతాయని తప్ప మనిషి ఎట్లా పడుకుంటాడని ఏ ట్రాలీనీ కొలిచింది లేదు.

లక్ష్మీనర్సయ్య వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇన్నేండ్లల నాకొక్క ట్రాలీ గింత పానం పెట్టి చేసినవా దేవిదాసూ?" అన్నాడు. అని, తన మాట తనకే బాగుండనట్టు, ఇంట్లోంచి కొత్త చాప తెప్పించి లోపల పరిపించాడు.

ట్రాక్టరు జమీల్‌ది. పసుపు సీజన్ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. వచ్చీరాగానే లోపలికెక్కి నవారు మీద పడుకుని నాలుగుసార్లు ఊగాడు.

"నవాబు సవారీ చేసినవ్ భాయ్. గిండ్ల నేను పండుకుంట, ట్రాక్టర్ నువ్వు నడుపు" అన్నాడు. దేవిదాస్ నవ్వకపోయేసరికి దిగి, చక్రాల్లో గాలి సగానికి తీయడం మొదలుపెట్టాడు. గాలి తక్కువుంటే ఇసుకలో దిగబడదు.

పది గంటలకు పోచవ్వను ఎత్తుకుని తెచ్చి మంచం మీద వేశారు. ఆమె బరువు లేదు. పెళ్లినాటి బరువు కూడా లేదు. దేవిదాస్ పక్కన చాప మీద కూర్చున్నాడు. పెద్ద రోడ్డు మీద లారీల హోరులో ఆమె కళ్లు మూసుకుంది. బాల్కొండ దాటాక కాసేపటికి ట్రాక్టరు రోడ్డు దిగి చేన్ల గుండా, తర్వాత గట్ల మీదుగా, ఆ తర్వాత ఏ తోవా లేని నేల మీద పోయింది. డ్రమ్ములో నీళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. మంచం మటుకు మెల్లగా ఊగుతోంది. చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచింది.

"తొవ్వల గుంతలు లేవా?"

"మస్తున్నయి."

"తెల్వలే" అన్నది.

అతని పని గురించి ఆమె ఇంతవరకు అన్న మంచి మాట అదొక్కటే.

ఎండ కొద్దిగా వాలేసరికి చేరారు. కనుచూపు మేర బూడిద రంగు నేల, పగిలి పెంకులు పెంకులుగా ఉంది. దూరాన సన్నగా నీళ్లు. ఊరి గోడలు లేవు, గోడల గీతలున్నాయి. దేవిదాస్ దిగి అటూ ఇటూ నడిచి తన ఇల్లెక్కడో పోల్చుకోలేకపోయాడు. ఊరు విడిచిన నాడు గడపలు, దూలాలు, చివరికి అరుగు రాళ్లు కూడా పీకి బండిలో వేసుకుపోయింది తనే. గుర్తన్నది మిగల్చలేదు.

పోచవ్వ మంచం మీంచి కాళ్లు కిందికి పెట్టింది. దించమంటోందనుకుని అతను ట్రాలీ వెనక డాలా తలుపు తీసి, ఆమె కోసం చేసిన మూడు మెట్ల ఇనుప పీటను నేల మీద పెట్టాడు. చేయి అందించబోతే వద్దన్నది. రెండు నెలలుగా పక్క మీదే ఉన్న మనిషి కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. దిగి, చూసుకోకుండా, ఎవర్నీ అడగకుండా ఇరవై అడుగులు నడిచి ఒక బండ దగ్గర కూర్చుంది. సగం పూడిపోయిన స్నానాల బండ. అది తన ఇంటిదేనని అతనికి అప్పుడు తెలిసింది.

జమీల్ మొహం కడుక్కొస్తానని నీళ్ల వైపు పోయాడు.

పోచవ్వ బండ పక్కన నేల మీద చేయి వేసి నిమిరింది.

"గీడ్నే ఉన్నది."

ఎవరని అడగలేదు దేవిదాస్. వాళ్లకు పుట్టింది ఒక్కతే. ఆడపిల్ల. అప్పుడతను డ్యాం గేట్ల పనిలో లేబర్ గుడిసెల్లో ఉండేవాడు. పుట్టగానే పోయిందని తల్లి కబురు పంపింది. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఎక్కడ పెట్టారని కూడా అతను అడగలేదు. పసిగుడ్డు కదా, అడగకూడదనుకున్నాడు.

"పుట్టంగనే పోలే" అన్నది పోచవ్వ. "తొమ్మిది దినాలు బతికింది."

అతను విన్నాడు. విన్నట్టు తెలుస్తోంది కానీ మాటలు లోపలికి పోవడం లేదు.

"పురుటి మైలుంటె నిన్ను గేటు ముట్టనియ్యరని అత్త కబురాపింది. పదకొండో దినం మైల తీరినంక పంపుదమన్నది. మంచిగనే ఉండె. పాలు మంచిగనే తాగింది. తొమ్మిదో దినం పొద్దుగాల ఒళ్లు కాలింది, పొద్దుమూకె వరకు పోయింది. నీకు చెప్పొద్దని అత్త నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది. అత్త పోయి నాలుగేండ్లాయె. ఇగ నేను సుత పోతున్న. నీ బిడ్డ సంగతి నీకెవ్వరు చెప్తరు?"

అతని నోటివెంట వచ్చిన మాట అతనికే పరాయిగా వినిపించింది.

"పేరేం పెట్టినవ్?"

"ఇరవై ఒకటో దినం రాకముందు పేరెట్ల పెడ్తరు?"

అంతే అన్నది. కోపం లేదు, ఏడుపు లేదు. బండకు ఆనుకుని ఒరిగింది.

దేవిదాస్ లేచి నిలబడ్డాడు. ఆ తొమ్మిది రోజులూ అతనికి తెలిసిన రోజులే. జీవితంలో గొప్పగా చెప్పుకునేవి అవే. మొదటి గేటు లేపింది ఆ వారమే. కొబ్బరికాయ కొట్టి, మేస్త్రీ అతని నుదుట బొట్టు పెట్టి, ఇవాళ్టినుంచి నువ్వు హెల్పర్‌వి కాదు, వెల్డర్‌వి అన్నాడు. మర్నాడు పోచవ్వ కోసం గాజులు కొన్నాడు. తొమ్మిదో రోజున పని లేదు. గుడిసెలో పొద్దుమూకే దాకా నిద్రపోయాడు. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి ఇల్లు చేరే దూరంలో, హాయిగా, కలలు కూడా రాకుండా నిద్రపోయాడు.

తల్లి మీద కోపం తెచ్చుకోబోయాడు. వచ్చేదే. కానీ ఆ కోపం దారిలో ఇంకేదో అడ్డం తగిలింది. చేతిలో సద్దిమూటతో, ఈ బండ పక్కనే నిలబడి, పనికి బయలుదేరే తొందరలో తల్లితో తనన్న మాట. "గేటు లేచే దాంక మైల కబురు నా దాంక రానియ్యకు అవ్వా. మంచైనా, చెడైనా." అన్నాడు. అని పోయాడు. ఆ మాట తిరిగి ఒక్కసారైనా గుర్తు రాలేదు. ఇన్నేళ్లూ అది ఎక్కడుంది? తను దాచాడా, అదే దాక్కుందా?

ఆ మాట ఆమె కూడా వినే ఉంటుంది. అప్పుడు గడపలోనే ఉంది. ఇప్పుడు చెప్పినదాంట్లో ఆ ఒక్కటీ ఎత్తలేదు.

ఆమెకు ఆ సంగతి చెప్పాలి. అన్నది నేనే, అవ్వ కాదు అని చెప్పాలి. ఒప్పుకోవడానికి మాటలు కూడదీసుకుంటూ, ఉందో లేదో తెలియని వీధి గీత వెంట ఆ చివరి దాకా నడిచాడు. తిరిగి వచ్చి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పోచవ్వా, నీకు యాదికున్నదా" అన్నాడు.

ఆమె ఒక చెంప బండకు ఆనించి, ఒక చేయి నేల మీద పరిచి ఉంది. కళ్లు కొద్దిగా తెరిచే ఉన్నాయి. అతను అదే మాట మళ్లీ అన్నాడు. మూడోసారి అనబోయి ఆగాడు. నీళ్ల వైపు నుంచి ఒక కొంగ లేచి వాళ్ల మీదుగా పోయింది. దాని నీడ ఆమె ముఖం మీదుగా జరిగిపోయినా రెప్ప కదలలేదు.

జమీల్ తడి మొహంతో వచ్చి, చూసి, తల మీది టోపీ సరిచేసుకున్నాడు.

"దేవిదాస్ భాయ్, పొద్దు గూకక ముందె గట్టెక్కాలె. ఇసుకల ట్రాక్టర్ బత్తీల ఎలుగుకు ఏం కనవడదు."

దేవిదాస్ తల ఊపాడు. దవాఖానలో ఊపినట్టే ఊపాడు. ఇద్దరూ కలిసి ఆమెను ఎత్తి, పక్క డాలా దించి, ఆ పక్క నుంచే మంచం మీదికి చేర్చారు. నాలుగు వేళ్లు ఎక్కువ పెట్టింది మంచిదే అయింది. అతను పక్కన కూర్చుని, ఊగకుండా ఒక చేత్తో మంచం పట్టుకున్నాడు. ఊగినా ఇప్పుడేమీ కాదని తెలిసీ పట్టుకున్నాడు. ట్రాక్టరు రెండుసార్లు దగ్గి కదిలింది.

కాసేపటికి ఆ శబ్దం కూడా గట్టు దాటి పోయింది. ఊరి గీతల నడుమ, పగిలిన నేల మీద, మూడు మెట్ల ఇనుప పీట నిలబడి ఉంది. పై మెట్టు మీద ఎండ ఇంకా దిగలేదు.