ధూళి పడని చీర

వన్‌టౌన్‌లో ఆ వీధి ఆడవాళ్ళకు పొద్దున్నే మొదటి పని బట్టలు దులపడం. రేవులో గుట్టలుగా పోసిన ఇనుప ఖనిజం దుమ్ము గాలికి లేచొచ్చి, మేడల మీద ఆరేసిన బట్టలన్నిటినీ ఎర్రగా చేసేది. కడుపుతో ఉన్న ఆడదాని బట్టల మీద మాత్రం పడేది కాదు. పక్కనే మొగుడి లుంగీ ఇటుకరంగుకు తిరిగినా, ఆవిడ చీర అప్పుడే జాడించి ఆరేసినట్టుండేది. అందుకే ఆ వీధిలో అత్తగార్లు టీ తాగకముందే మేడెక్కేవారు. మూలమీది క్లినిక్కులో డాక్టరమ్మ కూడా నాడి పట్టుకోకముందు, "దండెం చూసుకున్నావా?" అనే అడిగేది.

గంగాభవాని మొగుడు రేవులో పనిచేస్తూ కామెర్లొచ్చి పోయాడు. ఆమెకు క్యాంటీన్‌లో ఉద్యోగం ఇచ్చారు. దానికోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది మొగుడి స్నేహితుడు అర్జునరావు. అతనికి కంచరపాలెంలో పెళ్ళాం, పిల్లలు ఉన్నారు. ఆదివారాలు చేపలు పట్టుకొచ్చి, కాసేపు కూచుని పోయేవాడు. చచ్చిపోయిన స్నేహితుడి కుటుంబాన్ని మరవని మనిషని వీధిలో అతనికి మంచి పేరు.

కూతురు ధనశ్రీ ద్వారకా నగర్‌లో ఒక చీరల కొట్లో పనిచేసేది. ఆ ఏడే స్టీల్‌ప్లాంటులో పనిచేసే మోహనకృష్ణతో సంబంధం కుదిరింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కార్తీకంలో ముహూర్తం.

ధనశ్రీకి నెలసరి ఎప్పుడూ సరిగ్గా వచ్చేది కాదు. ఒక్కోసారి నెల దాటేది, ఒక్కోసారి రెండు నెలలకీ జాడ ఉండేది కాదు. ఆ వానాకాలం ముసురు పట్టి బట్టలన్నీ గదిలోనే ఆరుతున్న రోజుల్లో, అమ్మవారి పటం ముందు కూతురు పెట్టే దీపం ఒక్కరోజూ ఆగకపోవడం గంగాభవాని గమనించింది.

"ఏటే, నాగా పడకండా దీపం ఎలిగిత్తన్నావు. నీకు రాలేదా?"

"రాలేదమ్మా. నాకెప్పుడూ అంతే కదా."

"ఇన్నాళ్ళా? ఎవుడే ఆడు?"

"ఎవుడూ లేడు."

గంగాభవాని చెంపమీద కొట్టింది. "పెళ్ళి దగ్గర పెట్టుకుని ఏటే ఈ పని? నన్ను సంపేసి పోకపోయావా!" ఆ అరుపులకు పక్కింటి పైడితల్లి కిటికీ దగ్గరకొచ్చింది. "ఆన ఎలిసిందిగా, రేపు దండెం మీదేత్తాను. అప్పుడు తెలుస్తాది నీ బాగోతం."

"ఎయ్యి. ఏసి సూడు," అంది ధనశ్రీ.

మర్నాడు తల్లి కూతురి చీరలతోపాటు తనవీ ఉతికి మేడమీద ఆరేసింది. ఆ మర్నాడు పొద్దున్న ఇద్దరూ కలిసే మెట్లెక్కారు. ధనశ్రీ పచ్చ చీర ఎర్రటి దుమ్ముతో గరగరలాడుతోంది. గులాబీ చీరా అంతే. ధనశ్రీ వాటిని లాగి చేతుల్లోకి తీసుకుని, చూడు అన్నట్టు తల్లి వైపు తిరిగింది.

తల్లి ఆమెను చూడటంలేదు. దండెం చివర తన నీలం నేత చీర మీద దుమ్ము చుక్క కూడా లేదు.

గంగాభవానికి నలభై దాటాయి. తనకూ రావడం లేదని ఆమెకు తెలుసు. వయసైపోయింది, ఆగిపోయుంటుందిలే అనుకుంది. ఆ చీరను దండెం మీంచి లాగెయ్యబోయింది.

"ఓలమ్మ!" పక్కమేడ మీంచి పైడితల్లి కేకేసింది. "ఆ నీలం సీర ఎవరిదే భవానీ?"

తల్లి మొహంలోకి చూసింది ధనశ్రీ.

"పిల్లదే అక్కా," అంది గంగాభవాని.

ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. సాయంత్రం తల్లి కూతురి పక్కన కూలబడింది. "నీకైతే ఇంకో సంబంధం వత్తాది. మొగుడు పోయినదాన్ని, నాను ఏ మొకంతో క్యాంటీన్‌కి ఎల్లాలి సెప్పు?"

"అర్జునరావు మామేనా?"

గంగాభవాని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఆదివారం అర్జునరావు రాలేదు. తర్వాత కూడా రాలేదు.

మాట గాజువాకలో పెళ్ళికొడుకు ఇంటి దాకా పోయింది. మోహనకృష్ణ కొట్టుకే వచ్చాడు. కౌంటరు దగ్గర నిలబడి, ఎవరికీ వినపడకుండా అడిగాడు. "మా అమ్మ ఏదేదో అంటోందండి. ఆ చీర మీది కాదని ఒక్క మాట చెప్పండి. నేను నమ్ముతాను, ఇంట్లోవాళ్ళని నేను ఒప్పిస్తాను."

ధనశ్రీ ముందు ఎవరో విప్పి చూసి వదిలేసిన చీర ఉంది. దాన్ని మడత పెట్టసాగింది. ఆ ఇంట్లో చీర కట్టేది ఇద్దరే. తనది కాదంటే ఇంకెవరిదో ఇతను అడగక్కర్లేదు. తల్లి ఎలాగైతే ఒక్క మాటతో తనని ఒదిలేసిందో, అలా ఒక్క మాట చాలు. అది గొంతుదాకా వచ్చింది కూడా.

"నాదేనండి," అంది.

అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

కడుపు తీయించుకోడానికి తల్లికి తోడుగా వెళ్ళింది ధనశ్రీయే. వీధి మనుషులు రాని ఆసుపత్రి చూసుకున్నారు. తల్లిని లోపలికి తీసుకెళ్ళాక వరండాలో బెంచీ మీద కూచుంది. అక్కడ కూచునుండగానే పొత్తికడుపులో మెలిపెట్టినట్టై, ఆమెకు వచ్చేసింది. లేచి నర్సును పిలిచి, కాస్త దూది అడిగి తీసుకుంది. బాత్‌రూములో గోడకు తల ఆనించి, చాలాసేపు ఏడ్చింది.

ఆటోలో తల్లి ఆమె భుజం మీద వాలిపోయింది.

"నాకు వచ్చిందమ్మా," అంది ధనశ్రీ.

గంగాభవాని కళ్ళు తెరవలేదు. "ఇప్పుడొచ్చి ఏటి సేత్తాది," అంది.

తర్వాత నీలం చీర మీద ఎప్పటిలాగే ధూళి పడింది. వీధంతా చూసి, పిల్లకు తీయించేశారని చెప్పుకుంది. సంబంధాలు తెచ్చేవాళ్ళు ఆ గుమ్మం తొక్కడం మానేశారు. కొట్లో తోటి అమ్మాయిలు పక్కన కూచుని తినడం తగ్గించారు. ధనశ్రీ మధురవాడలో కొత్తగా పెట్టిన కంపెనీలో ఫోన్లెత్తే పని వెతుక్కుని, అక్కడే లేడీస్ హాస్టల్లో మంచం మాట్లాడుకుంది.

వెళ్ళేరోజు ఆటో గుమ్మం ముందాగితే పైడితల్లి బయటికొచ్చింది. చెడ్డ మనిషి కాదు. ధనశ్రీ చెంప నిమిరి, "అయిందేదో అయిపోనాది. ఇకమీదైనా ఒళ్ళు దగ్గరెట్టుకో తల్లీ. మీ అమ్మ మొకం సూడు, ఎంత సిక్కిపోనాదో నీవల్ల," అంది.

గంగాభవాని పక్కనే సంచి పట్టుకుని నిలబడి ఉంది. ధనశ్రీ ఆమె వైపు చూసి, ఆగింది.

గంగాభవాని వంగి సంచిని ఆటోలో సర్దింది.

"ఎండెక్కిపోతంది, ఎక్కు," అంది.