సగంలో ఆగిన నోట్స్

ఉప్పు ఎక్కువైంది, అని ఉంది మొదటి నోట్‌లో, ఎందులో ఎక్కువైందో రాయలేదు, రాయాల్సిన పనేముంది అప్పుడు, కంచం ముందరే ఉంది, నేనూ ముందరే ఉన్నాను, ఫోన్ నా వైపు తిప్పి చూపించి ఉంటాడు పరమేష్, నేనూ ఏదో ఒకటి అనే ఉంటాను, పెరుగు కలుపుకో అన్నానో, నీకు రోజూ ఏదో ఒక వంకే అని విసుక్కున్నానో, నా మాట ఆ పూటే గాలిలో కలిసిపోయింది, ఆయన మాట మాత్రం ఇందులో మిగిలిపోయింది, గొంతులో కాన్సర్ అని తేలి, ఆపరేషన్‌లో మాట వచ్చే పెట్టెనే తీసేసిన దగ్గర్నుంచి, ఈ మూడేళ్ళూ మా ఆయన మాట్లాడిందంతా ఈ ఫోన్‌తోనే, ఏదైనా చెప్పాలంటే నోట్స్ తెరిచి, ఒక్క వేలితో టైప్ చేసి, ఎదుటివాళ్ళ ముఖం ముందు పెడతాడు, ఇప్పుడేమో ఈ ఫోన్ బ్యాటరీ ఉబ్బి వీపు లేచింది, మా బిడ్డ ప్రియాంక కరీంనగర్ నుంచి కొత్త ఫోన్ పంపింది, అది వేరే కంపెనీది, ఈ నోట్స్ అందులోకి పోవంట, మేడ్చల్ డిపో ఎదురుగా ఫోన్ల దుకాణం పెట్టుకున్న అన్వేష్ పొద్దున్నుంచి తంటాలు పడి చెప్పాడు, ఫోటోలు వచ్చినయ్ అక్కా, నంబర్లు వచ్చినయ్, నోట్స్ ఒక్కటే వస్తలేదు, ఆ కంపెనీది దానికే తెరుసుకుంటది, గీ కంపెనీది దీనికే, రెంటికీ పొత్తు కుదరదు, ఇగ ఒక్కటే తోవ ఉంది, ఇంకో నోట్స్ యాప్ రెండిట్ల ఏసిన, పాత నోట్ తెరువుర్రి, షేర్ నొక్కుర్రి, గీ పసుపు బొమ్మ మీద నొక్కుర్రి, అటు పోతది, ఒక్కొక్కటే జేయాలె, జల్దీ జేయుర్రి, గీ బ్యాటరీ ఎప్పుడు బంద్ అయితదో చెప్పలేం, అన్నాడు, ఎన్ని ఉన్నాయి అని అడిగితే పైన అంకె చూపించాడు, రెండు వందల పన్నెండు.

మూడేళ్ళకు రెండు వందల పన్నెండేనా అనుకున్నాను షేర్ ఆటోలో కూర్చుని, ఒడిలో రెండు ఫోన్లు, ఆదివారం కాబట్టి బౌరంపేట్‌లో నేను వంట చేసే ఇళ్ళకు సెలవు, శామీర్‌పేట్ దాటి అలియాబాద్ దగ్గర మొక్కల నర్సరీలో పనిచేస్తున్న ఆయనకు మధ్యాహ్నంలోగా ఫోన్ అందించాలి, ఈలోగా దారిలో కొన్నైనా అయిపోతాయి, తెరవడం, షేర్, పసుపు బొమ్మ, తెరవడం, షేర్, పసుపు బొమ్మ, గేటు కాడ ఎవలో ఉన్నరు, అటు పోయింది, ఫ్యాన్ బంద్ చెయ్యి సలి పెడ్తాంది, అటు పోయింది, పాత ఫోన్‌లో ఒక్కోదాని కింద ఒక్కో తేదీ ఉంది, అటు పోయాక అన్నిటి కింద ఇవాల్టి తేదీయే పడుతోంది, మూడేళ్ళ మాటలు ఒక్క పొద్దున మాట్లాడినట్టు, ఆయన ఒకప్పుడు మాట్లాడింది అలాగే కదా, చెక్‌పోస్టు దగ్గర నిలబడి తూప్రాన్ తూప్రాన్ రామాయంపేట్ అని జీపుల్లోకి మనుషుల్ని పిలిచేవాడు, లారీల మోత మీద నుంచి ఆ గొంతు మా గల్లీ దాకా వినపడేది, బుచ్చమ్మ నవ్వేది, మా పక్కింటామె, నీ పెనిమిటి ఇంకో అర్ధగంటకు బువ్వకొస్తడు, రెండో జీపు నిండింది, అని గొంతును బట్టి లెక్క కట్టేది, ఇంటికి వచ్చినా అదే గొంతు, నేను ఒకటి చెప్పడం మొదలుపెడితే రెండో మాట ఆయనదే, నాకు ఎరికే, నువ్వేం జెప్తవో నాకు ఎరికే, అని నా మాట అందుకుని తనకు తోచినట్టు ముగించేవాడు, మా అమ్మ పోయిన రోజున కూడా, అమ్మను ఆఖరిసారి చూసినప్పుడు, అని నేను అంటుండగానే, బాధ పడకు, మస్తు బతికింది, అన్నాడు, నేను చెప్పబోయింది అది కాదు, అమ్మ నన్ను గుర్తుపట్టలేదని చెప్పాలనుకున్నాను, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, సరే పోనీ, మంచి మనిషే, చెయ్యి ఎత్తిన మనిషి కాదు, తాగి వచ్చినవాడు కాదు, గొంతు పెద్దది అంతే, ఆటో అవుటర్ రింగ్ రోడ్డు వంతెన కిందికి వచ్చింది, సిగ్నల్ పోయింది, పసుపు బొమ్మ గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది.

మళ్ళీ సిగ్నల్ వచ్చాక చూస్తే, రేపు పొద్దుగాల నేను, అని ఉంది, అంతే, తర్వాత లేదు, తరువాతిది, ప్రియాంకకు ఫోన్ జేసి, అంతే, తరువాతిది, నాకు ఎందుకో గీ మధ్య, అంతే, ఫోన్ పాడై ఇలా చూపిస్తోందా అని వెనక్కి పోయి మళ్ళీ తెరిచాను, అదే ఉంది, కిందికి తోస్తూ పోయాను, ఒకటి నిండుగా ఉంటే నాలుగు సగమే, అలియాబాద్‌ల మా సేటు నిన్న, సగం, బుచ్చమ్మ కొడుకు పెండ్లికి మనం, సగం, నువ్వు తిన్నవా లేకపోతే, సగం, వేలు నొప్పి పుట్టి ఆపేశాడేమో, నిద్ర వచ్చిందేమో అనుకున్నాను ముందు, కానీ బుచ్చమ్మ కొడుకు పెళ్ళి సంగతి నాకు బాగా గుర్తుంది, ఆయన టైప్ చేస్తుంటే భుజం మీదుగా చూసి, పోదాం పోదాం, కట్నం కింద బట్టలు పెడదాం, ఇదేగా నువ్వు అడిగేది, అన్నాను, ఆయన నా వంక చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, అప్పుడు అర్థమైంది ఇవి ఎందుకు మిగిలాయో, పూర్తిగా రాసి చూపించినవాటిని పని అయిపోయింది కదా అని తుడిచేసేవాడు, ఉప్పు లాంటివి కొన్ని మరిచిపోయాడు, చెప్పడం పూర్తికానివి మాత్రం ఉంచుకున్నాడు, మళ్ళీ ఎప్పుడైనా చెబుదామనుకున్నాడో, నేను ఎప్పుడైనా అడుగుతాననుకున్నాడో, అన్నీ కలిసి రెండు వందల పన్నెండు అయ్యాయి, బుచ్చమ్మ అందరితో అనేది, రోజక్క ఎట్లనో గని ఆయన కడుపులది చెప్తది, ఆయన వేలు కదిలితే సాలు సమజైతది ఆమెకు, అని, ఆ మాట నాకు ఎంత బాగుండేదో, ఆశ్చర్యపోయే వాళ్ళ ముఖాలు చూడ్డానికే ఇంకాస్త తొందరగా అందుకునేదాన్ని, రెండక్షరాలు పడగానే మిగతాది నేనే పైకి అనేసేదాన్ని, ఇరవయ్యేళ్ళు విన్నాను కదా, ఇప్పుడు నా వంతు అని ఎక్కడో లోపల అనుకుని ఉంటానా, అనుకున్నాననే అనిపిస్తోంది, శామీర్‌పేట్‌లో ఆటో దిగి అలియాబాద్ వైపు పోయే బస్సు ఎక్కుతూ, పక్కనున్న వాళ్ళకు వినపడిందేమో అన్నట్టు చుట్టూ చూశాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, ఇంకా నూట ఎనభై ఉన్నాయి, ఇక తరలించాలనిపించలేదు, చదవాలనిపించింది, వేలుతో తోస్తూ అన్నిటికంటే కింది దాకా, మొదటి నెలలదాకా పోయాను, అక్కడ ఉంది, నాకు గా మిషన్ వద్దని, అని, దాని కింద తేదీ, ఆపరేషన్ అయిన రెండో నెల, ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ గదిలో కూర్చున్నాం ఆ రోజు, ఆయన అప్పుడే టైప్ చేయడం నేర్చుకుంటున్నాడు, ఒక్కో అక్షరానికీ వెతుక్కుంటున్నాడు, గొంతుకు బయట నుంచి ఆనించుకుని మాట్లాడే చిన్న మిషన్ ఒకటి ఉందని డాక్టర్ చెప్పి, బయట కూర్చున్న ఇంకో పేషెంటును పిలిపించాడు, పర్వతాలు అని పెద్దాయన, ఆయన ఆ మిషన్‌ను మెడకు నొక్కుకుని, నమస్తే తమ్ముడూ, మంచిగున్నవా, అన్నాడు, స్టేషన్ దొరకని రేడియోలో నుంచి మనిషి మాట్లాడినట్టు ఉంది ఆ గొంతు, హెచ్చూ లేదు తగ్గూ లేదు, అంతా ఒకే గీతలా, కానీ ఆ పెద్దాయన నవ్వుతున్నాడు, చూడు ఎంత బాగా చెబుతున్నానో అన్నట్టు, నేను కుర్చీలో వెనక్కి జరిగాను, ఆ గొంతు మా ఇంట్లో రోజా అని పిలిస్తే ఎట్లా అనుకున్నాను, మిషన్ ఆస్పత్రి వాళ్ళే ఇస్తారట, కొన్నాళ్ళు వచ్చి సాధన చేయాలట, ఏమంటవ్ పరమేష్, అని డాక్టర్ అడిగితే ఆయన తల వంచి టైప్ చేయడం మొదలుపెట్టాడు, నాకు, గా, మిషన్, నేను పక్క నుంచి చూస్తూనే ఉన్నాను, వద్ద, దాకా వచ్చింది, నేను తలెత్తి, వద్దంటున్నడు సార్, అన్నాను, డాక్టర్ సరే అని కాగితం మీద రాసుకున్నాడు, గది బయటికి వచ్చేశాం, ఇప్పుడు చూస్తే వద్దు అని లేదు, వద్దని, అని ఉంది, ని, నేను మాట్లాడాక ఇంకొక్క అక్షరం టైప్ చేసి ఆపేశాడు, వద్దని ఏమిటి, వద్దని చెప్పు అనా, వద్దని కాదు అనా, మన మాటలో అంతా చివరనే ఉంటుంది కదా, కాదు అన్నా అవును అన్నా చివరి దాకా ఆగితేనే తెలిసేది, బస్సు ఊళ్ళోకి మలుపు తిరుగుతుంటే కండక్టర్ రెండుసార్లు పిలిచాడు, అమ్మా నర్సరీ అన్నవ్ కదా, దిగవా.

పరమేష్ బంతి నారు దగ్గర పైపు పట్టుకుని ఉన్నాడు, మెడలో గుడ్డ కట్టుకుని, ఊపిరి తీసుకోవడానికి ఆపరేషన్‌లో గొంతు కింద పెట్టిన రంధ్రం మీద దుమ్ము పడకుండా, నన్ను చూసి పైపు కింద వేసి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు, కొత్త ఫోన్ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, బరువు చూసినట్టు అరచేతిలో ఎగరేశాడు, నేను పాత ఫోన్‌లో ఆ నోట్ తెరిచి ఆయన ముందు పెట్టాను, ఇది గుర్తుందా అన్నాను, చాలాసేపు చూశాడు, వద్దని, తర్వాత ఏం రాయాలనుకున్నవు, అని అడిగాను, ఆయన ఒక కుండీ బోర్లించి నన్ను కూర్చోమని సైగ చేసి, తాను గట్టు మీద కూర్చున్నాడు, కొత్త ఫోన్‌లో కీబోర్డు వేరేలా ఉంది, అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటున్నాడు, వద్దని కా, అని పడింది, నా నోటి దాకా వచ్చేసింది, కాదా, అని, పళ్ళ మధ్య నాలుక పట్టుకున్నాను, ఒకటి చెరిపాడు, మళ్ళీ కొట్టాడు, పైపులో నీళ్ళు పారి నా చెప్పుల దాకా వచ్చాయి, కాళ్ళు పక్కకు జరుపుకున్నాను, మొక్కలు కొనడానికి వచ్చిన ఎవరో గులాబీ ఎంత అని కేకేశారు, లోపలి నుంచి సేటు జవాబు చెప్పాడు, నాకు భుజాలు నొప్పి పుడుతున్నాయి, ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని ఎన్నడూ తెలియలేదు, ఇరవయ్యేళ్ళు మాట్లాడకుండా కూర్చున్నాను గానీ అది వేరు, అప్పుడు నా మాట నేను మింగేదాన్ని, ఆయన మాట కోసం ఆగింది లేదు, ఆఖరికి ఫోన్ నా వైపు తిప్పాడు, వద్దని కాదు, నేర్చుకునేటందుకు ఎన్ని దినాలు పడ్తయో అడుగు అన్న, అని ఉంది.

మరి నేను తప్పు చెప్పిన అని అక్కడనే ఎందుకు చెప్పలే, ఇంటికొచ్చినాకనన్న చెప్పకపోతివి, మూడేళ్ళయ్యింది కదయ్యా, అన్నాను, గొంతు కాస్త లేచింది, ఆయన మళ్ళీ తల వంచాడు, ఈసారి తొందరగానే టైప్ చేశాడు, ఎప్పుడో మూటగట్టి పెట్టుకున్న మాటలా వచ్చింది, గా పెద్దాయన మాట్లాడినప్పుడు నీ ముఖం జూసిన, నీకు గా సప్పుడు పడలేదు, నా అంతట నాకు సమజైంది, ఊకున్న, అని చూపించి, చూపించాక తుడవబోయి, ఎందుకో తుడవకుండా ఆగాడు, నేను తల తిప్పుకుని బంతి నారు వైపు చూశాను, ఒక్కో సంచిలో రెండేసి ఆకులు, గురువారం ఆస్పత్రికి పోదామా, నువ్వే అడుగు, నేను పక్కన కూసుంట, నోరు తెరవ, అన్నాను, ఆయన నవ్వాడు, శబ్దం లేని నవ్వు, పోదాం, అని రాశాడు, గా మిషన్‌తోని మాట్లాడితే నువ్వు భయపడ్తవ్, అని కింద రాశాడు, భయపడతాను, అది నిజమే, కొన్నాళ్ళు భయపడతాను, అలవాటు కాకపోవచ్చు కూడా, కానీ ఇన్నాళ్ళూ ప్రియాంకతో, బుచ్చమ్మతో, చుట్టాలతో, అడిగిన ప్రతి ఒక్కరితో, ఆయనే వద్దన్నడు, ఏం జెయ్యమంటరు, అని చెప్పుకుంటూ వచ్చాను, చెప్పీ చెప్పీ నేనూ నమ్మాను, తొందరపడ్డానని, పొరపాటుగా అర్థం చేసుకున్నానని బస్సులో అనుకున్నది కూడా నన్ను నేను కాపాడుకోవడానికే, ఆ గదిలో నేను ఆయన మాటను ముగించలేదు, నాకు కావలసిన మాటను ఆయన నోట్లో పెట్టాను, గా వద్దు నీది కాదయ్యా, నాది, అన్నాను ఆయనతో, పరమేష్ చేయి చాచి నా మోకాలి మీద పెట్టాడు, ఆ చేతి తడి చీరలో నుంచి చల్లగా తగిలింది, నాదే, అన్నాను మళ్ళీ.