హ్యాండిలుకు లక్కపూత

రత్నమ్మ చేసిన లక్కగాజులు మార్కాపురం చుట్టూ ముప్ఫై ఊళ్ల పెళ్లికూతుళ్లు తొడుక్కున్నారు గానీ, ఆమె మాత్రం ఏ పెళ్లికూతురి చేతికీ గాజు ఎక్కించలేదు. ఇరవై రెండో ఏట మొగుడు పోయినప్పటి నుంచీ ఆమె కుంపటి దగ్గరి మనిషి. లక్క కరిగించడం, రంగు కలపడం, కడ్డీ సాగదీసి వంచడం ఆమె పని. గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి తొడిగి రావడం మరిది పిచ్చయ్య పని. విధవ చేత గాజులు తొడిగించుకునే ఇల్లు ఎక్కడా లేదు కాబట్టి ఆ ఏర్పాటును ఎవరూ తప్పుపట్టలేదు. ఆమె కూడా పట్టలేదు.

తరవాత రైలు మీద గాజు గాజులు పెట్టెలకు పెట్టెలు దిగడం మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం మూడో ఏడు వచ్చేసరికి పిచ్చయ్య మలారంలో లక్కగాజు ఒక్కటీ లేదు. ఏ ముసలమ్మో పాత అలవాటు కొద్దీ అడిగితే తప్ప రత్నమ్మ కుంపటి వెలిగేది కాదు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున కరుణాకరం ఆమె ఇంటి ముందు సైకిలు దిగాడు. క్రైస్తవ మిషన్ వాళ్లు మాలపల్లెల్లో నడిపే బళ్లను తనిఖీ చేసే పంతులు అతను, ఆ పల్లెల్లో పుట్టినవాడే. కంభం నుంచి దొనకొండ దాకా ఆ సైకిలు మీదే తిరిగేవాడు. హ్యాండిలుకున్న రబ్బరు పిడులు పగిలిపోయాయి. యుద్ధం మూలాన కొత్తవి దొరకడం లేదు. నూలు నాడా చుట్టుకుంటే చెమటకు నల్లబడి, పదిహేను రోజుల్లో పీలికలవుతోంది.

"అక్కా, ఈ నాడా మీద లక్క పూస్తే నిలబడుతుందా?" అని వీధిలోనే నిలబడి అడిగాడు.

"గాజుకు నిలబడేది గుడ్డకు నిలబడదా? లోపలికి తీసుకురా సారూ. పని కళ్లముందర ఉండాల."

అతను గడప వైపు ఒకసారి చూసి, సైకిలు వాకిట్లోకి నడిపించాడు. రత్నమ్మ గాజులకు కలిపినట్టే లక్కలో కాస్త మైనం, రంగు కలిపి, కరిగించి, నాడా మీద పట్టించి, చెక్కతో నున్నగా రుద్దింది. పెళ్లిగాజుకు మల్లే ఎర్రగా మెరిసింది. కరుణాకరం పిడికిలి బిగించి చూసుకుని నవ్వాడు. తను చేసిన వస్తువును పట్టుకున్న మనిషి మొహం ఎలా ఉంటుందో రత్నమ్మ చూడడం అదే మొదటిసారి.

నాలుగో రోజు అతను సైకిలు తొక్కుకుంటూ రాలేదు, మోచేతులతో తోసుకుంటూ వచ్చాడు. రెండు అరచేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"పోయేటప్పుడు బానే ఉండింది అక్కా. మిట్టమధ్యాన్నం దొనకొండ దారిలో కరిగి చేతులకు పట్టుకునింది. దిగి పీక్కునేసరికి తోలు దానితోనే పోయింది."

అతను కేకలు వేయలేదు. వేసివుంటే రత్నమ్మకు కొంత తేలిగ్గా ఉండేది. మైనం కలిపిన లక్క ఎండకు మెత్తబడుతుందని ఆమెకు తెలుసు. గాజు కొంగు నీడన ఉంటుంది, హ్యాండిలు ఎండలో కాలుతుంది. ఆ సంగతి ఆలోచించలేదు, అంతే. "సైకిలు ఇక్కడే పెట్టిపో" అంది. అతను పెట్టకుండా తీసుకుపోయాడు.

మర్నాడు ఆమె చెంచయ్య వడ్రంగం కొట్టానికి వెళ్లింది. పలకలకు చట్రాలు కట్టే వడ్రంగి చెంచయ్య, కుర్చీలకూ బీరువాలకూ మెరుగు పెట్టేవాడు. ఆ మెరుగు లక్కేనని వాసనను బట్టి ఆమెకు ఎప్పుడో తెలుసు.

"అన్నా, నీ లక్క ఎండకు ఎందుకు కరగదు?"

"నా పని నీకెందుకు చెప్పాల?" అన్నాడు చెంచయ్య. ఆ రోజు అతని మనసు బాగాలేదు. కరణంగారికి చేసిన కుర్చీ మెరుగు వారమైనా ఆరలేదు. కూర్చున్నవాళ్ల పంచెలు అతుక్కుంటున్నాయని కుర్చీని వెనక్కి పంపారు.

రత్నమ్మ కుర్చీ చేతిని వేలితో తాకింది. మూలనున్న సంచిలోంచి రేకు లక్క ఒక ముక్క తీసి, నిప్పు సెగకు పెట్టి సాగదీసింది. దారంగా సాగాల్సింది పుటుక్కున తెగింది. పొగ అతని ముక్కు దగ్గరికి ఊదింది.

"సాంబ్రాణి వాసనొస్తా ఉంది చూడు. సగానికి సగం గుగ్గిలం కలిపినారు. నిన్ను ముంచినాడు అమ్మినోడు."

చెంచయ్య ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. దాన్ని పక్కన పడేసి, "నేను నిప్పు మీద కరగబెట్టను చెల్లా. స్పిరిట్టులో నానేస్తా. నీళ్లంత పల్చగా పూసి, ఆరినాక మళ్లా పూస్తా. మైనం గియినం ఏమీ ఉండగూడదు" అన్నాడు. మంచి లక్క ఏరిపెట్టడం ఆమె వంతు, స్పిరిట్టు అతని వంతు అనుకున్నారు.

రత్నమ్మ ఇంట్లో సైకిలు లేదు, గడ్డపార ఉంది. దాని కొసకు నాడా బిగించి చుట్టి, చివర దారంతో కట్టి, కుంచెతో పూసింది. మొదటి పూతను గుడ్డ తాగేసింది. రెండోదీ తాగేసింది. నాలుగో పూతకు తెల్ల నాడా కొత్తబెల్లం రంగుకు తిరిగింది. ఆరో పూత నీడన ఆరాక గడ్డపారను మిద్దె మీద ఎండలో పడేసి మూడు రోజులు వదిలేసింది.

కరుణాకరానికి కబురు పెట్టమంటే పిచ్చయ్య ఇంతెత్తున లేచాడు. "ఆడోళ్ల చేతికెక్కే లక్కను మాలపల్లెవాళ్ల సైకిలుకు పూసినావు. ఆయన చేతులు కాల్చినావు. ఇంకా ఏం మొహం పెట్టుకుని పిలుస్తావు వదినా?"

"కాల్చినాను కాబట్టే" అని, ఆదివారం తనే గడ్డపార పట్టుకుని చర్చికి నడిచింది. లోపలికి పోలేదు. పాటలు అయిపోయేదాకా గేటు బయట ఎండలో నిలబడింది. మొదట వచ్చింది కరుణాకరం భార్య సువార్తమ్మ.

"నువ్వేనా గాజులామె? ఆయనకు మూడు దినాలు అన్నం నేనే కలిపి తినిపించినా. మళ్లా పూస్తానంటావా?"

"పూస్తా. ముందు దీన్ని పట్టుకో. మూడు రోజులుగా ఎండలో ఉంది."

చర్చి నుంచి వచ్చిన జనం చుట్టూ మూగారు. సువార్తమ్మ భర్త వైపు చూసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, గడ్డపారను గట్టిగా పట్టుకుంది. కాలింది. అయినా వదల్లేదు. పదిమందీ చూస్తుండగా చాలాసేపు పట్టుకుని, అప్పుడు చెయ్యి విప్పింది. ఏమీ అంటలేదు.

"నువ్వు పట్టుకో తల్లీ" అని గడ్డపారను రత్నమ్మకు అందించి, భర్తతో, "రేపు సైకిలు ఇచ్చిరా" అంది.

ఆ పూత ఆ ఏటి వానలకు తడిసింది, ఎండలకు కాలింది, ఊడలేదు. కరుణాకరం వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు హ్యాండిలు పట్టుకుని చూసేవాళ్లు. టీకాలు వేసే ఆయన వచ్చాడు, తపాలా మనిషి వచ్చాడు. సైకిళ్లు వాకిట్లోకే వచ్చేవి. పిచ్చయ్య రెండు నెలలు మాట్లాడలేదు. తరవాత ఒకరోజు కంభం సంత నుంచి నాలుగు చుట్టల నాడా తెచ్చి అరుగు మీద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.

యుద్ధం ముగిశాక రబ్బరు పిడులు మళ్లీ వచ్చాయి. సైకిళ్ల వాళ్లు సగానికి పైగా వాటికే మళ్లారు. రత్నమ్మ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికే ఆమె పొద్దున్నే చెంచయ్య కొట్టానికి వెళ్లి, కుర్చీలకూ బీరువాలకూ పూతలు వేస్తోంది. చెంచయ్య రంపం పట్టుకుని, "ఆరిందా చెల్లా?" అని అడిగేవాడు. "ఇంకా లేదు, తాకబాక" అనేది ఆమె.